మా ఇంటిపేరులోని జెండా

మా ఇంటిపేరు జెండా. నిజాం కాలంలో మా ముత్తాత ఊరి గుట్టెక్కి మూడు రంగుల జెండా పాతాడని, అందుకే ఆ పేరు వచ్చిందని ఊళ్లో అంటారు. ఏటా పంద్రాగస్టున బడిలో జెండా తాడు నా చేతికే ఇస్తారు. పోయినేడు పక్కింటి మల్లయ్య, "నీ ముత్తాత ఏ జెండ పాతిండో సూసినోళ్లున్నరా?" అని నవ్వాడు. తెల్లదొరలు ఆ గుట్ట మీది నుంచి దేశాన్ని కొలిచారని నాయనమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది. ఆ దొరలు గీసిన పాత పటం చూస్తే తేలుతుందని, ఈ ఆగస్టు రాకముందే హైదరాబాద్ బయలుదేరాను.

జనగామలో ఆరింటికి బస్సెక్కాను. ఉప్పల్‌లో దిగి, అంబర్‌పేట మీదుగా పోయే సిటీ బస్సులో కునికిపాట్లు పడుతూ నారాయణగూడ చేరేసరికి తొమ్మిది దాటింది. చిక్కడపల్లి గ్రంథాలయం దాకా నడుద్దామనుకున్నాను కానీ, ఎండకు పరేషాన్ అవుతావంటూ ఆటో అతను యాభైకే ఎక్కించుకున్నాడు. అశోక్‌నగర్ సందుల్లో ఎటు చూసినా హాస్టల్ బోర్డులు, పరీక్షల పుస్తకాలు. ఒక మెస్‌లో ఇడ్లీ పెడుతూ వంటామె, "ఈ వయసుల ఏ నోటిఫికేషన్‌కు వచ్చినవ్ తాతా?" అంది. పిల్లలంతా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

గ్రంథాలయంలో గంటసేపు వెతికి పటం నకలు తెచ్చిచ్చారు. అన్నీ ఇంగ్లీషు అక్షరాలు. ఎవరినీ అడగలేక వేలితో వెతుకుతూ కూర్చున్నాను. గొంగళిపురుగుల్లాంటి గుట్టలు, దారప్పోగుల్లాంటి వాగులు. చిన్నప్పుడు పలక మీద దేశపటం గీసేవాణ్ణి. ఆ ఆకారం ఆకాశంలాగే ఎప్పటినుంచో ఉందనుకున్నాను. ఎవరో నడిచి నడిచి కొలిస్తే వచ్చిందని తోచనే లేదు.

ఎదుట చదువుకుంటున్న సిద్దిపేట అమ్మాయి సుజాత నా వేలి తిరుగుడు చూసి దగ్గరికొచ్చింది. వచ్చిన పని, మా ముత్తాత సంగతి చెప్పాను. ఆమె వేలు జనగామ నుంచి మెల్లగా జరిగి, చుక్క ఉన్న ఒక త్రిభుజం దగ్గర ఆగింది. పక్కన 'జెండా గుట్ట' అని రాసి ఉందట. పటం మూలన ఉన్న సంవత్సరం చూసి లెక్కేసింది. మా ముత్తాత అప్పటికి పాలుతాగే పిల్లాడు. మూడు రంగుల జెండా ఇంకా పుట్టనే లేదు.

"దొరలు దూరంకెల్లి దుర్బీన్ల సూసి కొలవాలంటే, ఎదురు గుట్ట మీద ఒకరు జెండ పట్టుకొని నిలవడాలె తాతా. మీ పేరు గట్లొచ్చుంటది."

చేతిలోంచి తాడు జారినట్టయింది. "అయితే అది దొరల జెండనే," అన్నాను.

ఆమె మళ్లీ ఆ త్రిభుజం మీద వేలు పెట్టింది. "జెండ దొరలదే. నిలవడ్డది మీ ముత్తాత నాయనో, తాతనో. ఆయన జర కదిలితే గీత తప్పుతుండె."

పైన ఫ్యాను మెల్లగా తిరుగుతోంది. నా కళ్లముందు, గుట్ట మీద గాలికి కళ్లు చికిలించుకుని ఒక మనిషి నిలబడ్డాడు. ఎందుకో ఆయనకు తెలియదు. ఎక్కడో ఒక గీత పడింది. ఆ గీతకు ఇంకో గీత కలిసింది. కలుస్తూ కలుస్తూ అవి నా పలక దాకా వచ్చాయి.

మీ ఊరి పాత పటం చూడబోతే భూతద్దం తీసుకెళ్లండి. ఊరి పేరు అక్షరాలు తారుమారై ఉండొచ్చు, గుట్ట పక్కన త్రిభుజం వెతకండి. నేనైతే ఈ పంద్రాగస్టున ముందు ఈ సంగతి బడిపిల్లలకు చెబుతాను, మల్లయ్య ఎదుటే. ఆ తర్వాత తాడు నాకిస్తారో, ఇంకెవరికిస్తారో. ఎవరికిచ్చినా, జెండా పైకి వెళ్లేదాకా నేను కదలకుండా నిలబడతాను.