పచ్చ చీటీ

ఇంగ్లండులో సముద్రపొడ్డున ఉన్న మోర్కమ్‌లో ధర్మానికి నడిపే పాతసామాన్ల కొట్టు ఒకటుంది. దాని వెనకగదిలో గ్లెనిస్ థ్వెయిట్ జనం ఇచ్చేసిన కోట్ల ముడతలు ఆవిరి పట్టి తీస్తుంటుంది. మొగుడు చనిపోయిన ఏడాది చేరింది. జీతం లేని కొలువే అయినా పెత్తనం మాత్రం మేనేజరు కంటే ఎక్కువే. ఎవరికేం కావాలో కనిపెట్టి, అడక్కుండానే తీసి పక్కన పెట్టేది. మంచి మనిషే, కాదనను. ఎక్కడ ఆగాలో తెలియదు, అదే తంటా.

కొట్టులో ఒక కట్టుబాటుంది. ప్లగ్గున్న ఏ వస్తువునైనా గురువారం నాడు ఎలక్ట్రీషియన్ క్లైవ్ వచ్చి మీటరు పెట్టి చూడాలి. బాగుంటే ప్లగ్గుకి పచ్చ చీటీ అంటిస్తాడు. చీటీ లేనిది బల్ల కింద నుంచి కదలకూడదు.

ఆ వారం క్లైవ్‌కి జ్వరం. ఎవరో గుమ్మంలో వదిలిన సంచిలో, పరుపు మీద పరుచుకునే కరెంటు దుప్పటి దొరికింది. పక్కింటి హెటీ చలికి కోటు వేసుకునే పడుకుంటోంది. గ్లెనిస్ అటూ ఇటూ చూసి, ఒక టేబుల్ లాంపు చీటీని గోటితో ఒడుపుగా లేపి, దుప్పటి ప్లగ్గుకి అంటించింది. దాని ఖరీదు తనే గల్లాలో వేసి, హెటీకి ఇచ్చి వచ్చింది.

మరుసటి గురువారం క్లైవ్ వచ్చాడు. "ఈ లాంపుకి చీటీ ఏమైంది?" అన్నాడు. గ్లెనిస్ నవ్వుతూ చెప్పేసింది. క్లైవ్ నవ్వలేదు.

"కరెంటు దుప్పటా? వాటిని నేను మీటరు దాకా కూడా రానివ్వను. మడతల్లో తీగ తెగినా పైకేమీ కనపడదు. మనిషి నిద్రలో ఉండగా అంటుకుంటుంది, తల్లీ!"

గ్లెనిస్ గబగబా ఫోన్ అందుకుంది. హెటీ ఎత్తలేదు. ఆప్రాన్ కూడా విప్పకుండా పరిగెత్తి, రెండు చేతులతో ఆ ఇంటి తలుపు బాదింది.

టీకప్పుతో హెటీ తలుపు తీసింది. "ఏమిటే ఆ బాదుడు? తలుపూడి నా మీద పడేట్టుంది."

గ్లెనిస్‌కి ప్రాణం లేచొచ్చింది. "దుప్పటేదీ?"

"అదా... ఏమీ అనుకోకు. కరెంటు మీద పడుకోవాలంటే నాకు భయం. తిరిగిస్తే నువ్వు చిన్నబుచ్చుకుంటావని చర్చి వీధిలో మీలాంటి కొట్టే ఉందిగా, అక్కడ ఇచ్చేశా."

అదీ మర్యాదస్తుల ఊరంటే. మొహం మీద వద్దనలేక, ఉపద్రవాన్ని పక్క వీధికి దానమిచ్చారు.

చర్చి వీధి కొట్టులో ఆవిడ గర్వంగానే చెప్పింది. "అదా, పెట్టగానే పోయింది! మాకూ చూసేది క్లైవేగా, ఆయన చీటీ ఉండగా మళ్లీ చూడటమెందుకని అమ్మేశాం. ఎవరో చిన్నపిల్ల తల్లి. పాప పక్కకే అంది."

"పేరు?"

"పేరెవరడుగుతారు?"

ఆ సాయంత్రం రెండు కొట్ల అద్దాలకీ కాగితాలు వెలిశాయి. దుప్పటి కొన్నవాళ్లు వెంటనే ప్లగ్గు పీకేయమనీ, చీటీ అబద్ధమనీ, అంటించింది గ్లెనిస్ అనీ. "నీ పేరెందుకు?" అన్నాడు క్లైవ్. "నీ చీటీ అనుకునేగా కొన్నారు, తప్పు నీ మీదకి రాకూడదు," అంది గ్లెనిస్. ఆపైన ఫైరింజన్ మోత విన్నప్పుడల్లా వీధిలోకి పరిగెత్తి, ఎటు పోతోందో చూసేది. గుమ్మం గంట మోగితే తలెత్తడానికి భయపడేది.

శనివారం ఒక కుర్రతండ్రి వచ్చాడు. చంకలో దుప్పటి చుట్ట.

"గ్లెనిస్ అంటే ఎవరు?"

వెనకగదిలోకి పారిపోవాలనిపించింది ఆవిడకు. "నేనే."

అతను దుప్పటి బల్ల మీద పరిచాడు. నడిమధ్య సాసరంత మేర నల్లగా మాడింది. "పాప పీడకలొచ్చి మా పక్కలోకి వచ్చేసింది. లేకపోతే..."

తిట్టినా బాగుండేది. అతను తిట్టలేదు. నేల చూస్తూ, "పాపకి వేరే దుప్పటేమైనా ఉందా? కరెంటు లేనిది," అన్నాడు.

గ్లెనిస్ లోపలికి వెళ్లి, ఉన్నవాటిలోకెల్లా మందంగా ఉన్న ఉన్ని దుప్పటి తెచ్చిచ్చింది. అతను అందుకుని, ఆవిడ ముందే, నాలుగంచులూ వేళ్లతో తడిమి తడిమి చూసుకున్నాడు, లోపలెక్కడైనా తీగ ఉందేమోనని.