బస్సు మూతికి కట్టిన బస్తా

వికారాబాదు నుంచి తాండూరు దాకా ఎండుమిరప బస్తాను కిరాయి లేకుండా తీసుకెళ్లిన మొనగాణ్ని నేను. బస్సు మీద వేస్తే నాలుగణాలు అన్నాడు కండక్టరు. కిరాణా కొట్టులో పుట్టి పెరిగినవాణ్ని, ఇస్తానా? బస్సు ముందున్న ఇనుప జాలీకి కడితే రేడియేటరుకు రాళ్లు తగలవని డ్రైవరుకు నచ్చజెప్పి, బస్తాను నా చేతులతో నేనే కట్టాను.

ధారూరు దాటేలోగా ఆ ముసలి బస్సు మూడుసార్లు ఆవిరి కక్కింది. మూడుసార్లూ నీళ్లు పోశారు.

"ఇంజను ఖరాబైంది. ఇగ అందరు దిగి నడువుండ్రి," అన్నాడు డ్రైవరు.

భుజాన గొంగడితో గొర్లు కాసే అవ్వ ఒకామె దిగి ముందుకొచ్చింది. ఇంజను నడుస్తుండగా చీరకొంగు బస్తా ముందు పట్టింది. కొంగు కదల్లేదు. బస్తా విప్పించి మళ్లీ పట్టింది. కొంగు ఎగిరి జాలీకి అతుక్కుంది.

"గొర్రె మూతికి సంచి గడితే ఊపిరెట్ల తీస్తది కొడుకా? లోపలికి గాలి పోతలేదు. గిది గట్టిన తెలివిగల్లోడెవ్వడు?"

"నేనే అవ్వా."

"నీ బేరమంత చెవులార ఇన్న సేటూ! నాలుగణాలు మిగిలినయి గద, తాండూర్ల అందరికి చాయ్ తాపియ్యి."

ఇంజను చల్లారాక నీళ్లు పోస్తే, బస్సు మళ్లీ ఎక్కడా ఆగలేదు. బస్తా నా ఒళ్లో కూర్చుంది. నేను తుమ్మినప్పుడల్లా అవ్వ "సల్లగుండు సేటూ" అంటే బస్సంతా నవ్వింది, నాతో సహా.

తాండూరులో ముప్పై రెండు చాయ్‌లు, అణా చొప్పున రెండు రూపాయలు. మిగిల్చిన నాలుగణాలు తీసేస్తే నాకు పడింది రూపాయి పన్నెండణాలు. బేరమాడలేదు.