ప్రభావతిగారి పార్కింగ్ అర్జీ

ప్రభావతిగారు నోటిమాటను నమ్మరు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడని చెప్పినా, "అలాగా? ఓ ముక్క రాసివ్వండి" అనే రకం. గోదావరి జిల్లా తహసీల్దారు ఆఫీసుల్లో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యారు. ఐర్లండులోని పోర్ట్‌లీష్‌లో డాక్టరుగా పనిచేస్తున్న కూతురు హేమమాలిని దగ్గరికి వచ్చి స్థిరపడ్డారు. ఆ గుణం మాత్రం రిటైరు కాలేదు.

దాని దెబ్బ ఎక్కువగా తగిలింది అల్లుడు త్రినాథ్‌కి. "సాయంత్రం కరివేపాకు తెస్తానండి అత్తయ్యగారూ" అంటే చాలు, ఫ్రిజ్ మీద కాగితం వెలిసేది: 'కరివేపాకు తెచ్చుటకు అంగీకరించడమైనది.' కింద సంతకానికి గీత. త్రినాథ్ పళ్లు తోముకుంటూనే సంతకం పెట్టి ఆఫీసుకి వెళ్లేవాడు.

అలాంటి మనిషిని భగవంతుడు "గ్రాండ్" అనే ఒక్క మాట మీద బతికే దేశానికి పంపాడు. 'ఫరవాలేదు, అంతా బాగానే ఉంది' అని దానర్థం. ఇక్కడ వాన పడ్డా గ్రాండే, ఆగినా గ్రాండే. ఓసారి దగ్గొచ్చి జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు, దగ్గరికి వెళితే ఆయన ఛాతీ పరీక్షించి, "యు విల్ బి గ్రాండ్" అన్నాడు.

"గ్రాండ్ అంటే ఎన్ని రోజులకో అడగవే. తారీఖు వేసి రాసివ్వమను."

"అమ్మమ్మా, ప్లీజ్ స్టాప్!" అని మనవరాలు ఆశ్రిత చేతుల్లో మొహం దాచుకుంది.

వాళ్లది వరస ఇళ్ల వీధి. ఏ ఇంటికీ కారు పెట్టుకునే జాగా లేదు. ముందొచ్చినవాడిదే చోటు. ప్రభావతిగారికి చిన్నప్పటి పోలియో వల్ల ఎడమకాలు ఈడ్పు. అందుకని వికలాంగుల పార్కింగ్ పర్మిట్ వచ్చింది. అది చేతికొచ్చిన మర్నాడే ఆవిడ కళ్లజోడు సర్దుకుని, ఇంటి ముందు చక్రాల కుర్చీ బొమ్మ వేసి పార్కింగ్ చోటు ఇవ్వమని ఊరి కౌన్సిల్‌కి అర్జీ పెడుతున్నట్టు ప్రకటించారు.

త్రినాథ్‌కి లోలోపల పండగ. గంట దూరంలో ఉన్న లెపర్డ్స్‌టౌన్‌లోని ఆఫీసు నుంచి వచ్చేసరికి వీధంతా నిండిపోయి, రెండో వీధిలో కారు పెట్టి వానలో నడిచి రావడం అతని రోజువారీ శిక్ష. అత్తగారి కాలు పుణ్యమా అని ఆ శిక్ష తప్పుతుందనుకున్నాడు. వెంటనే ఆ ఆలోచనకి సిగ్గుపడ్డాడు. మళ్లీ అదే అనుకున్నాడు.

ఫారం నాలుగు పేజీలు. ఆవిడ జతచేసినవి ముప్ఫై ఒకటి. జీపీ ఉత్తరం, పర్మిట్ నకలు అడిగారు, సరే. ఎవరూ అడగని వీధి పటం కూడా స్కేలు పెట్టి గీశారు. అదీ చాలక, పదకొండు ఇళ్లు తిరిగి 'అభ్యంతరం లేదు' అని సంతకాలు సేకరించారు. ఆశ్రిత దుబాసీ. పక్కింట్లో ఎనభై దాటిన ఒంటరి మనిషి డెలానీగారు తలుపు పట్టుకుని ఆయాసపడుతూ వచ్చి, చదవకుండానే సంతకం పెట్టేశారు. చదవనందుకు ప్రభావతిగారు ఆయన్ని అక్కడే నిలబెట్టి చీవాట్లు పెట్టారు. ఆశ్రిత వాటిని "థాంక్యూ సో మచ్" అని అనువదించింది.

రెండు నెలలకి కౌన్సిల్ ఇంజనీరు వచ్చి కొలతలు తీసుకున్నాడు. "షుడ్ బి గ్రాండ్" అన్నాడు.

"షుడ్ అంటే అవుననా, కాదనా?"

అతను ఆవిడ ముఖం చూసి, డైరీలో కాగితం చింపి, 'ఈ రోజు వచ్చాను, కొలిచాను' అని రాసి సంతకం చేసిచ్చాడు. ఆవిడ సంతోషించి నాలుగు జంతికలు చేతిలో పెట్టారు. వాటికి మాత్రం రసీదు అడగలేదు.

మంజూరు ఉత్తరం వచ్చింది. ఇంటి ముందు రోడ్డు మీద గీతలు పడ్డాయి. ఆ మర్నాడు సాయంత్రం త్రినాథ్ కూనిరాగం తీస్తూ వీధి మలుపు తిరిగాడు. కొత్త గీతల మధ్య డెలానీగారి పాత ఎర్రకారు తీరిగ్గా నిలబడి ఉంది.

రెండో వీధిలో కారు పెట్టి, తడిసి ముద్దయి ఇంట్లోకి వచ్చాడు. "అత్తయ్యగారూ, మన చోట్లో ఆయన పెట్టేశాడండీ! వెళ్లి చెప్పొస్తాను."

"మన చోటని ఎవరన్నారు?"

"అర్జీ పెట్టింది మనమే కదండీ!"

"అర్జీ మనదే. చోటు మనది కాదు. ఫారంలో ఆరో పేరా చదవండి. పర్మిట్ ఉన్నవాళ్లెవరైనా పెట్టుకోవచ్చు. ఆయనకీ ఉంది."

"ఇది మీకు ముందే తెలుసా?"

"చదవకుండా సంతకం పెడతానా అల్లుడుగారూ?"

త్రినాథ్ తడి కోటుతోనే కుర్చీలో కూలబడ్డాడు.

"నన్నంటే మీరు గుమ్మంలో దింపుతారు. ఆయన్ని దింపేదెవరు?" అన్నారావిడ, ఈసారి గొంతు తగ్గించి. "వీధి చివర కారు పెట్టి, గోడ పట్టుకుని నాలుగుసార్లు ఆగి ఇల్లు చేరతాడు. ఇక కారు అమ్మేస్తానన్నాడు. అమ్మేస్తే ఇంక గడప దాటడు. అర్జీ పెట్టుకోవయ్యా అంటే, 'అయామ్ గ్రాండ్, నాకంటే అవసరమున్నవాళ్లు ఉంటారు' అంటాడు. ఇలాంటివాళ్లని ఎంతమందిని చూశాను! మా ఆఫీసు బయట ఎవడో 'అయిపోతుంది, వెళ్లు' అంటే నమ్మి వెళ్లిపోయేవారు. ఏడాదికి తిరిగొచ్చి, ఆ మాట ఎవరన్నారో చెప్పలేక బిక్కమొహం వేసేవారు. నాకీ కాగితాల పిచ్చి వాళ్ల వల్ల పట్టిందే."

త్రినాథ్ కోపం ఎటు పోయిందో అతనికే తెలియలేదు. తడి కోటు విప్పుతూ అడిగాడు. "మరి ఆయన్ని ఎలా ఒప్పించారు?"

"మా అల్లుడికి రోజూ నడక తప్పనిసరని డాక్టరు చెప్పింది, చోటు మాకక్కర్లేదన్నాను."

"ఏ డాక్టరండీ?"

"నేనే," అంది హేమమాలిని వంటింట్లోంచి, అతని పొట్టకేసి చూస్తూ.

మర్నాడు పొద్దున్న కుండపోత. త్రినాథ్ గొడుగు తిరగబడి రెండో వీధికేసి పరుగెడుతుంటే పక్కనే ఎర్రకారు ఆగింది. డెలానీగారు చర్చికి బయల్దేరారు. కిటికీ దించి, ఎక్కమని తల ఊపారు. ఆ రోజు నుంచి వాన పడ్డ ప్రతి ఉదయం, అంటే దాదాపు ప్రతి ఉదయం, త్రినాథ్ తన కారు దాకా ఆయన కారులో వెళ్తున్నాడు.