టొరంటోకి పన్నెండు గంటలే

మీనాకుమారి మొట్టమొదట గెలిచింది రైల్వే ఇన్‌స్టిట్యూట్ క్యారమ్స్ కప్పు. వర్క్‌షాపు ఫిట్టరు కూతురు, అప్పటికి పంతొమ్మిదేళ్ళ పిల్ల. మగవాళ్ళ బోర్డు ముందు కూర్చోనివ్వడానికే రెండేళ్ళు పోట్లాడింది. ఆఖరికి ఫైనల్లో సుందర్ రాజును మట్టి కరిపించింది. ఆ తరువాత జిల్లా కప్పు మూడుసార్లు, జోన్ కప్పు రెండుసార్లు, కటక్‌లో వెండి పతకం. మా ట్రాఫిక్ కాలనీలో ఇన్ని కప్పులున్న ఇల్లు ఇంకొకటి ఉంటే చూపించమనండి.

అయినా ఆమె గుండెలో గుచ్చుకున్నది వేరే. ఆ మొదటి కప్పు గెలిచిన నెలకే జట్టు బిలాస్‌పూర్ వెళ్ళాలి. పెట్టె సర్దుకుని ప్లాట్‌ఫారం మీదికి వచ్చాక తెలిసింది, జట్టు నాయకుడు సుందర్ రాజు తన పేరు కొట్టేశాడని. రాత్రి బండి ప్రయాణం ఆడపిల్ల తట్టుకోలేదని పెద్దలతో చెప్పాడట. బండి కదులుతుంటే తలుపు దగ్గర నిలబడి తాపీగా సిగరెట్ వెలిగించుకున్నాడు. ఆ పొగ ముప్పై ఏళ్ళుగా ఆమె కళ్ళలో మండుతూనే ఉంది.

ఈ ఏడు టొరంటో పోటీలకు ఇన్‌స్టిట్యూట్ నుంచి ఇద్దరమ్మాయిలకు పిలుపొచ్చింది. ఇద్దరికీ ఆట నేర్పింది మీనాకుమారే. వెంట వెళ్ళే మేనేజరు సీటు మాత్రం ఒక్కటే. అది తనదేనన్నాడు, ఇప్పుడు సెక్రటరీగా ఉన్న సుందర్ రాజు.

కమిటీ కూర్చున్న సాయంత్రం ప్రెసిడెంటు జగ్గారావు అనుమానపడ్డాడు. "ఒరే రాజూ, గంటకో సిగరెట్ నేకపోతే నీకు పిచ్చెక్కుతాది. ఇమానంలో ఎలాగుంటావురా?"

"ఎంతసేపని? రాత్రి ఎనిమిదికి దమ్‌దమ్‌లో ఇమానం ఎక్కితే, ఢిల్లీలో మారి, పొద్దున్న ఎనిమిదికి టొరంటోలో దిగడమే. పన్నెండు గంటలు. వైజాగ్ ఎల్లినట్టే."

గార్డుగా బతుకంతా రైల్వే టైంటేబుల్ చదివినవాడు, విమానం టికెట్టునూ అలాగే చదివాడు. గోల్‌బజార్‌లో టికెట్లు అమ్మే చక్రధర్ అసలు సంగతి మీనాకుమారికి వారం కిందటే చెప్పాడు. ఆమె ఇంట్లో కూడా నోరు విప్పలేదు.

"అంతకు మించితేనో అన్నా?" అంది మెత్తగా.

"ఒక్క గంట మించినా నా వల్ల కాదు. నువ్వే ఎల్లు సెల్లెమ్మా."

"అందరూ ఇన్నారు కదా" అని ఆమె చక్రధర్‌కు ఫోన్ కలిపి బల్ల మీద పెట్టింది.

"దూరం పన్నెండు వేల కిలోమీటర్ల పైమాటే అక్కా. అక్కడి గడియారం మనకన్నా తొమ్మిదిన్నర గంటలు ఎనక. ఆళ్ళకి పొద్దున్న ఎనిమిదంటే మనకి సాయంత్రం ఐదున్నర. మొత్తం ఇరవై ఒకటిన్నర గంటలు."

సుందర్ రాజు ముఖం మాడిపోయింది. "నీకు ముందే తెలుసు. నాకు సెప్పనేదేటి?"

"నా పేరు కొట్టీసినప్పుడు నువ్వు నాకు సెప్పినావా?"

"ఇంకా ఆ పగేనా?"

"పగే. ముప్పై ఏళ్ళు దాసినాను, పాడవనేదు."

జగ్గారావు తల వంచుకుని నవ్వు ఆపుకున్నాడు. మేనేజరు ఎవరో తెలిపే నోటీసు జగ్గారావునే రాసుకోమని సుందర్ రాజు లేవబోయాడు.

"సెక్రటరీవి నువ్వు కదా, నీ సేత్తోనే రాయి" అని మీనాకుమారి కుర్చీ అడ్డం జరిపింది. మేనేజరుగా తన పేరు అతను రాసేదాకా కదల్లేదు. నోటీసు బోర్డుకు గుచ్చబోతుంటే ఆపింది. "తిరిగొచ్చే తేదీ కూడా పడాలి. ఆ రోజు ప్లాట్‌ఫారం మీద నువ్వే నిలబడాల."

అతను రాశాడు: రాక, ఆగస్టు 18, మంగళవారం.