రెండు చోట్లా సరిపోయిన తప్పు

యేసన్న చదివింది మూడో తరగతి. కానీ ముదిగుబ్బ చుట్టుపక్కల ఇరవై రెండు బావుల్లో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో కాగితం చూడకుండా చెప్పగలిగేవాడు. వయసులో ఉన్నప్పుడు ఆయన పూడిక తీసిన బావులే అవన్నీ. మా స్వచ్ఛంద సంస్థ వాటర్‌షెడ్ పనులు మొదలుపెట్టినప్పుడు నీళ్ళు కొలవడానికి ఆయన్నే పెట్టుకుంది. ప్రతి నెలా మొదటి సోమవారం సైకిలెక్కి బయలుదేరేవాడు. టేపు చివర ఇనుప గుండు కట్టి బావిలోకి వదిలి, గుండు నీళ్ళను తాకిన చప్పుడు చెవితో పట్టుకుని, అంకెను చిన్న నోటుపుస్తకంలో రాసుకునేవాడు. వారం తిరిగేసరికి పుస్తకం మా ఆఫీసుకు చేరేది.

ఆఫీసుకు వచ్చాకే ఆ అంకెలకు కష్టాలు మొదలయ్యేవి. మా కంప్యూటర్ ఆపరేటర్ కృపాకుమారి వాటిని ఎక్సెల్ షీట్లోకి ఎక్కించి, బావికొక కడ్డీ చొప్పున, నీళ్ళు ఎంత లోతుంటే కడ్డీ అంత పొడుగుగా చార్టు గీసేది. దాన్ని కాపీ చేసి, మీటింగులో గోడ మీద చూపించే స్లైడ్లలో ఒకసారి, నేను రాసే నివేదికలో ఒకసారి అతికించాలి. అంకె మారిందంటే రెండు చోట్లా పాత బొమ్మ తీసేసి కొత్తది పెట్టాలి. నివేదిక నా బాధ్యత. నేనెంత శ్రద్ధగలవాణ్ణో నేనే చెప్పుకోవడం మర్యాద కాదు గానీ, 2005 ఎండాకాలంలో స్లైడులోకి కొత్త చార్టు వెళ్ళింది, నివేదికలో నెల కిందటిది అట్లాగే ఉండిపోయింది.

అనంతపురం నుంచి పనులు చూసి డబ్బు మంజూరు చేయడానికి వచ్చిన జయంతి మేడమ్ దాన్ని ఇట్టే పట్టేసింది. ఒకే బావి గోడ మీద పదకొండు మీటర్లు, ఆమె చేతిలోని కాగితంలో ఎనిమిది. ఏది నిజమని అడిగింది. మా డైరెక్టర్ లక్ష్మీపతి సారు ఆలోచన కూడా చేయకుండా, కొలిచేవాడు చదువుకోని మనిషి మేడమ్, తప్పు రాసి ఉంటాడు అనేశాడు. యేసన్న వెనక వరసలోనే కూర్చుని ఉన్నాడు. నేను ముందు వరసలో నా చెప్పులను చాలా శ్రద్ధగా చూసుకుంటున్నాను.

మరుసటి నెల నుంచి యేసన్న ప్రతి బావి దగ్గరికీ ఒకరిని సాక్షిగా పిలుచుకుని, అంకె పక్కన వాళ్ళ వేలిముద్ర వేయించుకోవడం మొదలుపెట్టాడు. తన మాట చెల్లకుండా పోయిందని ఆ మనిషికి ఎంత గుచ్చుకుందో పుస్తకం తెరవగానే తెలిసిపోయింది. ఇరవై రెండు బావులు, ఇరవై రెండు వేళ్ళు.

అది చూసి కృపాకుమారి మనసు పాడైంది. ఆదివారం చర్చి అయిపోగానే బస్సెక్కి అనంతపురం వెళ్ళి, తాను కంప్యూటర్ నేర్చుకున్న సెంటర్లో అడిగి వచ్చింది. ఇకమీదట చార్టు బొమ్మను అతికించడం కాదు, లింకు అతికించాలంది. అట్లా చేస్తే షీట్లో ఒక్క అంకె మారిస్తే చాలు, స్లైడులోనూ నివేదికలోనూ చార్టు దానంతటదే మారుతుందట.

దీపావళి తర్వాత మళ్ళీ మీటింగు. దానికి ముందురోజు మధ్యాహ్నం యేసన్న ఆఫీసుకు వచ్చి ఆమె పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఆమె చెప్పిందంతా విని, నమ్మకం కలగక, తన సొంత ఊళ్ళోని మారెక్క బావికి తొంభై వేసి చూపించమన్నాడు. వేసింది. షీట్లో ఆ బావి కడ్డీ జువ్వున లేచింది. స్లైడు తెరిస్తే అక్కడా లేచింది. నివేదిక తెరిస్తే, లింకులు అప్‌డేట్ చేయాలా అని కంప్యూటర్ అడిగింది, సరేనంటే అక్కడా లేచింది. ఆరునెలల తర్వాత యేసన్న నవ్వడం అప్పుడే చూశాను.

"అంటే టేపు ఈ కొస బావిలో, ఆ కొస గోడమింద. నడుమ ఎవురూ చెయ్యి పెట్టేదానికి లేదు పాపా," అన్నాడు, నా వైపు చూడకుండానే.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమని మొత్తుకుంది. మా యూపీఎస్ ఆయుష్షు మూడు నిమిషాలు. కృపాకుమారి కంగారుగా అన్నీ సేవ్ చేసి కంప్యూటర్ ఆపేసింది. మర్నాడు పొద్దున కరెంటు వచ్చాక నివేదిక పదిహేను కాపీలు ప్రింటు తీసింది నేనే. ఒక కడ్డీ ఆకాశాన్నంటుతోందని గమనించకపోలేదు. కానీ లింకు పెట్టాక తప్పు రాదని చెప్పారు కదా. పైగా పేజీ నిండుగా, చూడముచ్చటగా ఉంది.

మీటింగులో జయంతి మేడమ్ వేలు పెట్టి ఒక్కొక్క కడ్డీనే పోల్చి చూసింది. గోడ మీద తొంభై, కాగితంలో తొంభై. ఈసారి అన్నీ సరిపోయాయని మెచ్చుకుని, ఈ ఒక్కటే ఇంత పొడుగుందేమని అడిగింది. లక్ష్మీపతి సారు తడుముకోలేదు. ఆ ఊళ్ళో భూగర్భ జలం అడుగంటిపోయిందనీ, పరిస్థితి దారుణమనీ రెండు నిమిషాలు చెప్పాడు. ఆయన గొంతులో నిజమైన బాధ ఉంది. మేడమ్ పెన్ను తీసి, అయితే మొదటి చెక్‌డ్యామ్ ఆ ఊరికే ఇద్దామని రాసుకుంది.

యేసన్న ఊరికి. ఆయన నోరు విప్పకుంటే అడిగేవాడు లేడు, రెండు లెక్కలూ సరిపోయాయి మరి. నేను వెనక్కి తిరిగి చూశాను. ఆయన తువ్వాలు భుజం మీది నుంచి తీసి, మళ్ళీ వేసుకుని, లేచి నిలబడ్డాడు.

"మేడమ్, అది తప్పు. మారెక్క బావి తవ్విందే పద్నాలుగు మీటర్లు. నీళ్ళు తొంభైలో యాడుంటాయి? నిన్న తమాసాకు నేనే ఏపిచ్చినా."

లక్ష్మీపతి సారు మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. మరి అసలు ఎంత అని అడిగింది మేడమ్. తొమ్మిది మీటర్ల ఇరవై సెంటీమీటర్లు అన్నాడు యేసన్న. కృపాకుమారి షీట్లో అంకె దిద్దింది. గోడ మీది కడ్డీ సర్రున దిగి తోటివాటి పక్కన ఒదిగింది. నివేదిక తెరిస్తే అక్కడా దిగింది. మేడమ్ మిగతా బావులు కూడా అడిగింది. యేసన్న పుస్తకం లేకుండా ఇరవై ఒకటీ వరసగా అప్పజెప్పాడు. కాగితం మీద ఆమె వేలు ఆయన్ని అందుకోలేకపోయింది.

అప్పుడు నాకేమైందో తెలియదు, నేనూ లేచి నిలబడ్డాను. పోయినసారి తేడా ఆయనది కాదనీ, పాత చార్టు మార్చకుండా వదిలేసింది నేననీ చెప్పాను.

"ఇంకెవరైనా ఉన్నారా?" అంది మేడమ్.

లక్ష్మీపతి సారు ఫ్యాను వైపు చూశాడు. అందరూ నవ్వారు, కాసేపటికి ఆయనా నవ్వాడు. చార్టు కింద కొలిచినవారి పేరు ఉండాలని మేడమ్ చెబితే, కృపాకుమారి షీట్లో ఒక్కసారి కొట్టింది. యేసన్న పేరు రెండు చోట్లా వచ్చి కూర్చుంది. వేలిముద్రలు ఆ నెలతో ఆగిపోయాయి.

చెక్‌డ్యామ్ వరసలో ఆ ఊరు మొదటి స్థానం నుంచి ఐదుకు జారింది. కబురు మాకంటే ముందే మారెక్కకు చేరింది. తర్వాతి సోమవారం నేనూ యేసన్న సైకిలు వెనక కూర్చుని వెళ్ళాను. ఆమె బావి గట్టు మీదే కాచుకుని ఉంది.

"ఒగ దినం నోరు మూసుకోనుంటే ఏం బోయిండ్య రా యేసూ? కట్ట మనూరికే వచ్చిండ్య గదా."

"ఐదోది మందే లేక్కా. మేడమ్ రాసుకున్న్యాది."

"నిజంగానే వస్తాదా?"

"వస్తాది."

ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది. కొంగులోని ఉడకబెట్టిన చెనక్కాయలు ఆయన దోసిట్లో పోసి, మిగిలిన నాలుగు నాకిచ్చింది.

"నువ్వు చెప్పినావు కాబట్టి నమ్ముతాండా," అంది. "ఈ సారు చెప్పింటే నమ్మేదాన్ని కాదు."