రెండు సీసాల వాగునీళ్లు

వానలు వెలిశాక మా వీధి కాలవలోంచి పాచి వాసన వస్తోంది. కిటికీ మూసినా పోదు. ఆ వాసనకి నాకు దానియేలు గారు గుర్తొస్తారు. అరవైల మొదట్లో నందిగామలో మట్టీ నీళ్లూ పరీక్షించే చిన్న ఆఫీసులో ఆయన నా పైఅధికారి. ఎడమకాలు కాస్త ఈడుస్తూ నడిచేవారు.

జగ్గయ్యపేట వైపు సున్నపురాతి గుట్టల్లో పుట్టిన ఒక వాగు, మిరపచేల మధ్యగా దిగి ఒక ఊరికి తాగునీరయ్యేది. చేలకు అమ్మోనియా ఎరువు కొత్తగా చల్లుతున్న రోజులవి. వాగు పాచిపట్టి కంపు కొడుతోందని ఊరివాళ్లు అర్జీ పెట్టారు. అది రాతి గుణమేనన్నారు మా పైవాళ్లు. రాయిదో ఎరువుదో తేలాలంటే చేలకు ఎగువన ఒక సీసా, దిగువన ఒక సీసా పట్టి పోల్చాలి. దానియేలు గారు నన్ను పంపారు.

చిల్లకల్లులో బస్సు దిగి, ఎండలో నడిచి, దిగువ సీసా నింపేసరికి నా ఓపిక అయిపోయింది. గుట్ట ఎక్కలేదు. రెండో సీసా కూడా అక్కడే ముంచాను.

మూడోరోజు ఆయన పరీక్ష కాగితం నా ముందు పెట్టారు.

"రెండిట్లోనూ ఎరువు ఒకేలా ఉందేమయ్యా? పైకి ఎక్కావా?"

"ఎక్కానండి."

ఆయన రెండు సీసాలూ తెచ్చి నా ముందు పక్కపక్కన పెట్టారు. నేనే తలదించుకున్నాను. "లేదండి."

"ఓపిక లేకపోతే లేదని చెప్పాల్సింది. ఇదే పంపితే, చేలకు పైనా ఇలాగే ఉందని తప్పంతా రాయి మీదకి పోతుంది. వాళ్లు ఆ నీళ్లే తాగుతూ కూర్చుంటారు."

మర్నాడు నాతోపాటు ఆయనా వచ్చారు. దారిలో రెండుసార్లు కూర్చుని కాలు పిసుక్కున్నారు. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. ఎగువ నీళ్లలో సున్నం దండిగా ఉంది, ఎరువు లేనట్టే. చేలకు పైన చెలమ తవ్వుకోవాలని రిపోర్టు రాశారు. పైనుంచి జవాబు రాలేదు. చివరికి నన్ను వెంటబెట్టుకుని తనే ఊళ్లోకి వెళ్లి చెప్పారు. బిందె చంకన పెట్టుకున్న ఒకామె అంతా విని, "ఈ బిందెలేసుకుని రోజూ అంత దూరం ఎవరెక్కుతారండీ?" అంది.

తిరుగు బస్సులో, "ఆమె అడిగింది నిజమే" అన్నారు. గుట్ట నుంచి గొట్టం వేయించమని మళ్లీ రాశారు. ఆయన రిటైరయ్యే దాకా అది పడలేదు.

ఆ తర్వాత పాతికేళ్లు నేనూ వాగుల వెంట తిరిగాను. అన్నిసార్లూ పైదాకా ఎక్కానని చెప్పను. ఎక్కలేని రోజున మాత్రం రిజిస్టరులో ఎగువ నీళ్ల గడిలో అంకె వేయలేదు. ఆ గళ్లు ఖాళీగానే ఉన్నాయి. ఎవరడిగినా, "వెళ్లలేకపోయానండి" అని చెప్పాను.