నీళ్ళ సీసా

ఎనభైల మొదట్లో నా కూతురు ఏడు నెలలకే పుట్టేసింది. జంషెడ్‌పూర్‌లో ఆసుపత్రి వాళ్ళు దాన్ని అద్దాల గదిలో పెట్టారు. మమ్మల్ని లోపలికి రానిచ్చేవారు కాదు, బయట బెంచీ మీద కూర్చుని చూసుకోవడమే. దాని పక్క తొట్టిలో, మాతోపాటే బెంచీ మీద కూర్చునే టెల్కో ఫ్యాక్టరీ కాలనీ ఆవిడ కొడుకు. వాడూ నెలలు నిండనివాడే. వాడి ముక్కులో సన్నటి గొట్టాలు, వాటి చివర నీళ్ళున్న గాజుసీసాలో మునిగి ఉండేది. సీసాలో ఎప్పుడూ బుడగలే. ఆ గాలి ఒత్తిడికే ఊపిరితిత్తులు మూసుకుపోకుండా ఉంటాయని నర్సు ఆవిడకి చెబుతుంటే విన్నాను. గదిలో అలాంటి సీసా అదొక్కటే.

నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళాయన ఫ్యాక్టరీలో పర్మనెంటు. మా ఆయన కంట్రాక్టరు కింద కూలి. ఈ ఊళ్ళో క్వార్టరైనా, స్కూల్లో సీటైనా, చివరికి పండగ మిఠాయి డబ్బా అయినా ముందు పర్మనెంటు వాళ్ళకే. ఇప్పుడు ఊపిరి కూడా వాళ్ళకేనా? నా పిల్ల ఊపిరి ఏ క్షణాన ఆగిపోతుందోనని నేను చస్తుంటే, వాడికి దర్జాగా బుడగలు! ఆవిడ చీర నచ్చేది కాదు, ఆవిడ ఫ్లాస్కు నచ్చేది కాదు. పైగా నా పిల్ల వైపు తలైనా తిప్పేది కాదు. ఎంత పొగరో అనుకున్నాను.

తొమ్మిదో రోజు ఉండబట్టలేక నర్సుని పట్టుకుని అడిగేశాను. “మా పాపకి ఆ సీసా ఎందుకెట్టలేదు? కంట్రాక్టోళ్ళమనేనా?”

ఆ నర్సు కూడా భాలుబాసా పేటలో ఉండే తెలుగావిడే. నా మాటకి తెల్లబోయింది.

“ఏటమ్మా ఆ మాటలు! నీ గుంట సొంతంగా ఊపిరి తీత్తంది. ఆడికి అదే సేతకాకే సీసా ఎట్టినాం. నీ పిల్లకీ ఆ గతి రావాలని కోరుకుంతన్నావా ఏటి?”

వచ్చి బెంచీ మీద కూలబడ్డాను. పక్కనే ఉన్న టెల్కో ఆవిడ అంతా వింది. మొదటిసారి నాతో మాట్లాడింది.

“నీ పాప ఏ గొట్టమూ నేకుండా పడుకుంటే నాకెంత కుళ్ళో నీకు తెల్దక్కా. నా దిష్టి తగుల్తాదని బయమేసి అటేపు సూడ్డమే మానీసినాను.”

తొమ్మిది రోజులుగా నేను రెప్ప వాల్చకుండా చూసింది వాళ్ళ పిల్లాణ్ణే.